ముందు మానిటర్, తర్వాతే ప్రాసెసర్

గేములాడే కంప్యూటర్ కొనేవాళ్లు ముందు మానిటర్ ఎంచుకోవాలి. ఆ తెరకు సరిపోయే గ్రాఫిక్స్ కార్డు తర్వాత. ఆ రెండింటికీ సరిపోయే ప్రాసెసర్ చిట్టచివర. మా రోజుల్లో ఈ వరస ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చేతిలో డబ్బు తక్కువ కాబట్టి అదే తెలిసొచ్చింది. ఇప్పుడు డబ్లిన్‌లో మన పిల్లలు కొనే తీరు చూస్తే అంతా తలకిందులు. ప్రాసెసర్ మీద ఐదారు వందల యూరోలు పోస్తారు. దానిమీద నీళ్లతో చల్లబరిచే కూలర్, చుట్టూ రంగురంగుల లైట్లు. మానిటర్ దగ్గరికొచ్చేసరికి చేయి ఖాళీ. ఇల్లు ఖాళీ చేస్తూ ఎవరో వదిలేసిపోయిన 60 హెర్ట్జ్ తెర తెచ్చి తగిలించుకుంటారు.

డబ్లిన్ శివారు లూకన్‌లో మా మిత్రుడి కొడుకు ఉన్నాడు. ఎమ్మెస్ అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరాడు. పోయిన చలికాలం మా ఇంటికి వచ్చాడు.

“అంకుల్, ఐ9 తీసుకుంటున్నా. ఇంక నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదు కదా?”

“మానిటర్ ఏది నాయనా?”

“ఇంట్లో ఉందంకుల్, ఏదో ఒకటి.”

“ఏం గేములాడతావు?”

“వాలరెంట్ ఎక్కువ. అప్పుడప్పుడు కౌంటర్ స్ట్రైక్.”

ఆ ఇంట్లో ఉన్న మానిటర్ ఏమిటో నాకు తెలుసు. వాళ్ల నాన్న ఆఫీసు పనికి వాడి పక్కన పెట్టిన 60 హెర్ట్జ్‌ది. సెకనుకు 60 బొమ్మలే చూపించగలదు. ఈ పిల్లవాడు కొనబోయే ప్రాసెసర్, సరైన కార్డు తోడైతే, వాలరెంట్‌లో సెకనుకు మూడు నాలుగు వందల ఫ్రేములు తయారు చేస్తుంది. మిగతావన్నీ కంటికి చేరకుండానే పోతాయి. మౌస్ కదలికకు స్పందన కాస్త చురుకవుతుంది, అంతవరకే. పెద్ద చెరువు తవ్వించి దానికి చేతిమందం తూము పెట్టుకున్నట్టు. అదే డబ్బులో మామూలు ఆరు కోర్ల ప్రాసెసర్, 240 హెర్ట్జ్ తెర తీసుకుంటే ఆట స్వరూపమే మారిపోతుంది. ఈ మాట చెబితే వాడు నావైపు అనుమానంగా చూశాడు. యూట్యూబ్‌లో ఎవరూ అలా చెప్పలేదట.

మా రోజుల్లో యూట్యూబ్ లేదు, పార్క్‌లేన్ ఉండేది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్, అందరం సీటీసీ అనేవాళ్లం. ఆ మెట్లు ఎక్కని కంప్యూటర్‌వాడు జంట నగరాల్లో ఉండేవాడు కాదు. వరసగా చిన్న చిన్న దుకాణాలు, ప్రతి దుకాణంలోనూ కొటేషన్ కాగితం. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్కు, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్, మానిటర్, ఒక్కోదానికి ఎదురుగా ధర. నాలుగు దుకాణాల కాగితాలు చేతబట్టుకుని ఐదో దుకాణానికి వెళ్లేవాళ్లం. బేరం ఒక్కటే కాదు అక్కడ జరిగేది. కౌంటర్ వెనక నిలబడ్డ కుర్రవాడికి సరుకు తెలిసేది. “ఈ బోర్డు మీద ఆ ర్యామ్ పెట్టకండి సార్, హ్యాంగవుతుంది” అని తనకు లాభం తగ్గినా చెప్పేవాడు. ఎందుకంటే రేపు బాగు చేయాల్సింది కూడా తనే.

మానిటర్ దగ్గర అయితే ఎవరి మాటా నమ్మేవాళ్లం కాదు, కళ్లతో చూడాల్సిందే. బల్లమీద వరసగా సీఆర్‌టీలు వెలుగుతుండేవి. 15 అంగుళాలని రాసి ఉన్నా కంటికి కనిపించేది 13.8 అంగుళాలే అని అందరికీ తెలుసు. డాట్ పిచ్ 0.28 మిల్లీమీటర్లా, 0.25 ఆ అని అడిగేవాళ్లం. తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి, 1024 బై 768 దగ్గర ఎన్ని హెర్ట్జ్ వస్తుందో పెట్టి చూపించమనేవాళ్లం. 60 దగ్గర ట్యూబులైటు కింద ఆ తెర వణికేది. నేరుగా చూస్తే తెలియకపోయినా పక్కకు తల తిప్పితే ఓరకంటికి తెలిసిపోయేది. 85కి పెంచగానే బొమ్మ నిలబడేది. 85 రాని మానిటర్ ఎంత చవకైనా వద్దనేసేవాళ్లం. సాయంత్రానికి తలనొప్పి పట్టుకుంటుందని తెలుసు. సోనీ ట్రినిట్రాన్ తెర మీద అడ్డంగా సన్నటి గీత నీడలాగా కనిపిస్తే, అది లోపం కాదని, లోపలి సన్న తీగల వరసను కదలకుండా పట్టి ఉంచే తీగ అని దుకాణం కుర్రవాడే చెప్పేవాడు. 17 అంగుళాలది 15 కిలోలకు పైనే తూగేది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఇది చదివేవాళ్లలో తప్పకుండా ఉంటారు.

హెర్ట్జ్ అంటే ఏమిటో, రెజల్యూషన్ పెంచితే అది ఎందుకు పడిపోతుందో ఆ రోజుల్లో అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చిన ప్రతి పిల్లవాడికీ తెలిసి ఉండేది. ఇప్పుడు? డబ్లిన్‌లో మన ఇళ్లకు భోజనాలకు వెళ్లినప్పుడు పిల్లల గదుల్లోకి తొంగి చూడటం నాకు అలవాటు. 144 హెర్ట్జ్, 165 హెర్ట్జ్ మానిటర్ బల్లమీద ఉంటుంది. సెట్టింగ్స్‌లో చూస్తే 60 దగ్గరే ఉంటుంది. కొన్న రోజు నుంచీ ఎవరూ మార్చలేదు. ఒక ఇంట్లో అయితే మానిటర్ తీగ గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డు వెనక ఉన్న సాకెట్‌కి తగిలించి ఉంది. ఖరీదైన కార్డు ఊరికే కూర్చుంటే ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ ఆ ఆటంతా మోస్తోంది. తీగ మార్చి, అంకె మార్చి ఇచ్చాను. ఆ పిల్లవాడి ముఖంలో వచ్చిన వెలుగు చూస్తే సంతోషమూ వేసింది, కోపమూ వచ్చింది. ఇన్నాళ్లు ఈ పిల్లవాడు కొనుక్కున్నది అనుభవించకుండా ఉన్నాడే అని.

ప్రాసెసర్ సంగతి ఇంకా బాధాకరం. ఇప్పటి పిల్లలు కోర్లు లెక్కపెడతారు, గిగాహెర్ట్జ్ లెక్కపెడతారు. మేం క్యాష్ (ప్రాసెసర్ దగ్గరే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ఎంతో అడిగేవాళ్లం. 1998 వేసవిలో ఇంటెల్ సెలెరాన్ 266 అని ఒకటి అమ్మింది. అందులో రెండో అంచె క్యాష్ అసలే లేదు. గడియారం అంకె బాగానే ఉన్నా ఆటల్లోనూ పనిలోనూ నీరసం. అదే ఏడాది ఆగస్టులో సెలెరాన్ 300ఏ వచ్చింది. చిప్పులోనే 128 కిలోబైట్ల క్యాష్, అదీ పూర్తి వేగంతో నడిచేది. మంచి బోర్డు మీద బస్ వేగాన్ని 66 మెగాహెర్ట్జ్ నుంచి 100కు పెంచితే అది 450 దగ్గర హాయిగా పరుగెత్తేది. అంతకు ఎన్నో రెట్లు ఖరీదు చేసే పెంటియం 2తో ఆటల్లో సమానంగా నిలబడింది. సీటీసీలో ఆ వార్త వారంలో పాకిపోయింది. ప్రపంచమంతా అదే జరిగిందని తర్వాత తెలిసింది.

పాతికేళ్లు గడిచాయి. ఈమధ్య ఆటల కోసం అందరూ వెంటపడ్డ ప్రాసెసర్ ఏది? ఏఎండీవారి 7800ఎక్స్‌3డీ, 2023 ఏప్రిల్‌లో వచ్చింది. దాని తర్వాతిది 9800ఎక్స్‌3డీ, 2024 నవంబరులో 479 డాలర్లకు వచ్చింది. రెండింటిలోనూ ఎనిమిదే కోర్లు. గడియారం అంకె కూడా గొప్పదేం కాదు. కానీ మూడో అంచె క్యాష్ 96 మెగాబైట్లు. ఆటలో ఒక్కో ఫ్రేముకు ప్రాసెసర్ వెతికే సమాచారం అటూ ఇటూ చెదిరి ఉంటుంది. అది పక్కనే క్యాష్‌లో దొరికితే సరేసరి. దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్లి రావాలి, అంతసేపూ కోర్లు ఖాళీగా నిలబడాలి. 1998లో సెలెరాన్ 266 ఓడింది ఇక్కడే, 2023లో 7800ఎక్స్‌3డీ గెలిచింది కూడా ఇక్కడే. ఈ సంగతి తెలిసినవాడు పదహారు కోర్లు, ఇరవైనాలుగు కోర్లు అని అంకెల వెంట పరుగెత్తడు. వీడియోలు ఎడిట్ చేసేవాడికి, పెద్ద పెద్ద ప్రోగ్రాములు కంపైల్ చేసేవాడికి ఆ కోర్లు కావాలి. వాలరెంట్ ఆడేవాడికి ఎందుకు?

బోర్డుల సంగతి కూడా చెప్పాలి. సాకెట్ 7 రోజుల్లో ఒకే బోర్డు మీద ఇంటెల్ పెంటియం కూర్చునేది, ఏఎండీ కే6 కూర్చునేది, సైరిక్స్ కూడా కూర్చునేది. డబ్బులు కూడినప్పుడు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునేవాళ్లం. తర్వాత ఆ కలివిడి పోయింది. ఏఎండీ ఒక్కటే కాస్త నయం. 2016లో తెచ్చిన ఏఎం4 సాకెట్‌కు 2022లో కూడా 5800ఎక్స్‌3డీ లాంటి మేటి చిప్పు ఇచ్చింది. ఇంటెల్ రెండు మూడు తరాలకోసారి సాకెట్ మార్చేస్తుంది. నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదా అని అడిగిన మా కుర్రవాడు, నాలుగేళ్ల తర్వాత ఏం మార్చుకోవచ్చో కూడా అడిగి ఉండాల్సింది.

ఇక ఆ ఐ9 సంగతి. ఇంటెల్ ఐ9 14900కే గరిష్ఠంగా 253 వాట్లు లాగుతుందని కంపెనీయే రాసుకుంది. దాన్ని మించిపోనిచ్చే సెట్టింగ్‌లతో కొన్ని బోర్డులు వచ్చాయి. 13, 14 తరాల పెద్ద చిప్పులు కొన్ని నడుస్తూ నడుస్తూ ఆటల మధ్యలో కూలిపోవడం మొదలుపెట్టాయి. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల చిప్పు లోపల అరుగుదల వస్తోందని ఇంటెల్‌వారు తేల్చి, 2024 ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పొడిగించారు. పాతబడ్డ స్టాకులో అవి ఇంకా తిరుగుతున్నాయి. కొనాలనుకుంటే కొనండి, కానీ బయోస్ అప్‌డేట్ చేయకుండా ఒక్క గేము కూడా తెరవకండి. 300ఏని మేం 450కి తోశామంటే ఆ చిప్పులో అంత సత్తా మిగిలి ఉంది కాబట్టి. ఇప్పటి చిప్పుల్లో ఆఖరి బొట్టు దాకా కంపెనీయే పిండి అమ్ముతోంది. ఇంకా తోయడానికి ఏమీ లేదు. వోల్టేజీ తగ్గించి చల్లగా నడుపుకోవడమే ఇప్పుడు తెలివైన పని.

నేను ఇంత బాధపడటానికి ఇంకో కారణం ఈ దేశం. మనం ఉన్నది ఎక్కడ? మేనూత్ రైల్లో లూయిసా బ్రిడ్జ్ స్టేషన్ దగ్గర దిగితే లీష్లిప్‌లో ఇంటెల్ ఫ్యాక్టరీ. ఒకప్పుడు గుర్రాలు పెంచిన పొలం అది. 1989లో ఇంటెల్ అక్కడికి వచ్చింది. 1993లో ఫ్యాబ్ 10లో చిప్పుల తయారీ మొదలైంది. హైదరాబాద్‌లో మేం పెంటియం అనే పేరును భక్తిగా పలుకుతున్న రోజుల్లో పెంటియంలు తయారైన చోట్లలో ఇదొకటి. 2004లో ఫ్యాబ్ 24 మొదలైంది, 90 నానోమీటర్లతో. తర్వాత ఎన్నో ఏళ్లపాటు ప్రపంచంలోని డెస్క్‌టాప్‌లను నడిపిన 14 నానోమీటర్ల చిప్పులు తయారైన కొద్ది చోట్లలోనూ ఇది ఉంది. 2023 సెప్టెంబరులో ఫ్యాబ్ 34 ప్రారంభించారు. అతినీలలోహిత కాంతిలోనూ అత్యంత సూక్ష్మమైన తరంగాలతో సిలికాన్ మీద గీతలు గీసే యంత్రాలు అందులో ఉన్నాయి. మన తెలుగు పిల్లలే ఆ తెల్ల సూట్లు వేసుకుని అక్కడ షిఫ్టులు చేస్తున్నారు. సాయంత్రం ఇంటికొచ్చి ప్రాసెసర్ ఎంచుకోవడానికి ఎవరో అరిచి చెప్పే పది నిమిషాల వీడియో చూస్తున్నారు. వాళ్లకున్న జ్ఞానానికి ఆ వీడియో చేసినవాడే వీళ్లను అడగాలి.

ఒక దుఃఖం కూడా ఉంది. ఫ్యాబ్ 34లో మొదట తయారైన కోర్ అల్ట్రా చిప్పులు ల్యాప్‌టాప్‌ల కోసం. 2024 అక్టోబరులో వచ్చిన డెస్క్‌టాప్ కోర్ అల్ట్రాల్లో ముఖ్యమైన కంప్యూట్ టైల్‌ను (కోర్లుండే ముక్క) తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ చేసిచ్చింది. ఏఎండీ చిప్పులదీ అదే దారి. లూకన్‌లో కూర్చుని గేమింగ్ డెస్క్‌టాప్ కట్టుకునేవాడి పెట్టెలో, నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని ఫ్యాక్టరీ చిప్పు ఉండదు. ఉండే చిప్పు సముద్రాలు దాటి వస్తుంది.

చిప్పు సంగతి అటుంచితే, ఆ చిప్పు లోపలి ఆలోచనకే ఈ నేలతో బంధం ఉంది. జార్జ్ బూల్ 1849లో కార్క్‌లోని క్వీన్స్ కాలేజీకి గణితాచార్యుడిగా వచ్చాడు. అవును, కాదు అనే రెండింటితోనే తర్కమంతా లెక్కకట్టవచ్చని 1854 నాటి పుస్తకంలో చూపించాడు. ప్రాసెసర్‌లోని కోట్ల కొద్దీ గేట్లు చేసేది ఆ లెక్కే. ఇక ఆటలు. 1998లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ నుంచి పుట్టిన హవోక్ కంపెనీ, ఆటల్లో వస్తువులు నిజంగా బరువున్నట్టు పడేలా, దొర్లేలా, నీళ్లలో తేలేలా చేసే ఇంజన్ తయారు చేసింది. 2004లో హాఫ్ లైఫ్ 2 ఆడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చెక్క పలక విరిగితే ముక్కలు ఎలా పడాలో, పీపా మెట్ల మీద ఎలా దొర్లాలో అంతా ఆ ఇంజన్ పని, దాన్ని లెక్కకట్టేది ప్రాసెసర్. 2007లో హవోక్‌ను ఇంటెల్ కొనడానికి కారణం ఊహించడం కష్టం కాదు. 2015లో అది మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది. డబ్లిన్‌లోనే 2003లో మొదలైన డెమన్‌వేర్, ఆన్‌లైన్‌లో ఆటగాళ్లను కలిపే సాఫ్ట్‌వేర్ చేసింది. కాల్ ఆఫ్ డ్యూటీని ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు దాని మీదుగానే వెళ్తారు. ఇవి తెలిస్తే ఆటలో ప్రాసెసర్ పనేమిటో దానంతట అదే తెలుస్తుంది. వస్తువుల కదలిక, శత్రువుల తెలివి, నెట్‌వర్క్, ఏ బొమ్మ గీయాలో కార్డుకు చెప్పడం. బొమ్మ గీయడం మాత్రం కార్డు పని. తెర రెజల్యూషన్ పెరిగితే కార్డు భారం పెరుగుతుంది, ప్రాసెసర్ భారం దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి 4కేలో ఆడేవాడికి మధ్యరకం ప్రాసెసర్ చాలు, డబ్బంతా కార్డుకు పోవాలి. 1080పీలో 240 హెర్ట్జ్ కావాలనేవాడికే గట్టి ప్రాసెసర్ అవసరం. ముందు తెర తేల్చుకోమని నేను గొంతు చించుకునేది ఇందుకే.

తెరను చూసి తేల్చుకునే చోటు ఏదీ? నేను వచ్చిన కొత్తలో ఈ దేశంలో కంప్యూటర్లు తయారయ్యేవి. గేట్‌వే 1993 నుంచి డబ్లిన్ క్లాన్‌షాలో, డెల్ 1991 నుంచి లిమరిక్‌లో. గేట్‌వే 2001లో తలుపులు మూసింది. డెల్ 2009 జనవరిలో తయారీని పోలండ్‌లోని వూచ్‌కి తరలిస్తున్నట్టు ప్రకటించింది. లిమరిక్‌లో 1,900 ఉద్యోగాలు పోయాయి. డబ్లిన్ పార్నెల్ స్ట్రీట్‌లో పీట్స్ అనే పాత ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉండేది, 1934 నాటి కుటుంబ వ్యాపారం. లోపలికి వెళ్లి తీగ ముక్క పట్టుకుని నిలబడితే ఏం కావాలో వాళ్లే చెప్పేవారు. 2012లో దాని దుకాణాలు మూతబడ్డాయి. 2018లో మాప్లిన్ అనే ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థా పోయింది. ఇప్పుడు మిగిలిన పెద్ద షోరూముల్లో మానిటర్లు గోడకు వరసగా ఉంటాయి. అన్నింటి మీదా ఒకటే ప్రకటన వీడియో, సముద్రంలో రంగుచేపలు. గేము పెట్టి చూపించేవాడు లేడు, హెర్ట్జ్ మార్చి చూపించేవాడు లేడు.

2008 డిసెంబరు గుర్తుంది నాకు. ఒకే రోజున ఇక్కడ వ్యాట్ 21.5 శాతానికి పెంచారు, అవతల ఉత్తర ఐర్లండ్‌లో 15కి తగ్గించారు. పౌండు పడిపోయింది. జనమంతా సరిహద్దు దాటి న్యూరీకి కార్లు కట్టారు. మేమూ వెళ్లాం, మానిటర్లు చూసి, వెలిగించి, బేరమాడి తెచ్చుకున్నాం. ఇప్పుడు ఇక్కడ వ్యాట్ 23 శాతం. బ్రెక్సిట్ తర్వాత ఇంగ్లండ్ నుంచి తెప్పిస్తే కస్టమ్స్ తతంగం. కాబట్టి పిల్లలు జర్మనీ నుంచి తెప్పిస్తారు. పెట్టె విప్పితే గుండ్రటి రెండు పుల్లల ప్లగ్గు, మన గోడకు మూడు పుల్లలది కావాలి. సన్నటి చవకబారు అడాప్టర్ తగిలించకండి. మానిటర్ వెనకా ఎస్‌ఎంపీఎస్ వెనకా ఉండేది మామూలు సాకెట్టే. పాత కంప్యూటర్ తీగ, ఫ్యూజున్న ఐరిష్ ప్లగ్గుతో, ఏ ఇంట్లోనైనా ఒకటి పడి ఉంటుంది. అది వాడుకోండి. కొన్ని మానిటర్లకు అడాప్టర్ ఇటుకలాంటిది విడిగా వస్తుంది. అప్పుడు మాత్రం కొనేముందే ఏ ప్లగ్గో అడగండి.

కళ్లతో చూడకుండా కొనే ఈ కాలంలో చట్టం ఒక్కటే కొంత అండ. ఆన్‌లైన్‌లో కొన్నది నచ్చకపోతే కారణం చెప్పకుండానే 14 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చు. లోపముంటే 2022 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ఉంది. అందుకని మానిటర్ పెట్టె, లోపలి థర్మోకోల్ పారేయకండి. వచ్చిన రాత్రే గది దీపాలార్పి తెరనిండా నలుపు పెట్టి చూడండి, తర్వాత తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మూలల్లో వెలుగు కారుతోందా, చచ్చిన పిక్సెల్ ఉందా తెలుస్తుంది. సీటీసీలో బల్లమీద చేసిన పని ఇప్పుడు ఇంట్లో చేయాలి, అంతే తేడా. ఈ పని చేసే పిల్లవాడు నాకు ఇప్పటిదాకా తారసపడలేదు.

ఏ మానిటర్ అంటారా? 24 అంగుళాలకు 1080పీ సరిపోతుంది. 27 అంగుళాలకు అదే 1080పీ పెడితే అక్షరాలు గరుకుగా కనిపిస్తాయి. అక్కడ 1440పీ కావాలి, అంగుళానికి 109 పిక్సెళ్లు వస్తాయి. చాలామందికి నేను చెప్పేది ఇదే. 60 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 144లో 6.9, 240లో 4.2. అరవై నుంచి నూట నలభై నాలుగుకు వెళ్తే ఇంట్లో అమ్మమ్మకు కూడా తేడా తెలుస్తుంది. అక్కడి నుంచి 240కి వెళ్తే గట్టిగా ఆడేవాళ్లకే తెలుస్తుంది. పెట్టెమీద ఒక మిల్లీసెకను అని రాసి ఉంటుంది, దాన్ని ఏ పద్ధతిలో కొలిచారో చూడకుండా నమ్మకండి. హెచ్‌డీఆర్ 400 అనే స్టిక్కర్‌కి డబ్బు పెట్టకండి, అంత తక్కువ వెలుతురులో హెచ్‌డీఆర్ అనిపించుకునేదేమీ ఉండదు. ఫ్రేముల వేగానికి తెర తన వేగాన్ని కలుపుకునే ఫ్రీసింక్, జీసింక్ లాంటిది మాత్రం తప్పకుండా ఉండాలి. మా రోజుల్లో లేని మేలు ఇది, దొరికినందుకు పిల్లలు సంతోషించాలి.

ఇక్కడి గదుల్ని కూడా చూసుకోవాలి. అద్దె ఇళ్లలో మనవాళ్లకు దక్కేది మూలనున్న చిన్న గది, బల్ల లోతు రెండడుగులు. అక్కడ 32 అంగుళాల తెర పెడితే మెడ తిప్పుతూ ఆడాలి. చలికాలం డబ్లిన్‌లో సూర్యుడు నెత్తికెక్కడు, కిటికీలోంచి అడ్డంగా వచ్చి తెరమీద పడతాడు. మెరిసే ఓలెడ్ తెర కిటికీకి ఎదురుగా పెడితే మీ ముఖం మీకే కనిపిస్తుంది. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి కాబట్టి సాయంత్రం ఆడేవాళ్లకు ఓలెడ్ నలుపు అద్భుతం, నేనూ ఒప్పుకుంటాను. కానీ అదే తెరమీద పొద్దస్తమానం ఆఫీసు పని చేస్తే టాస్క్‌బార్ అచ్చుపడిపోయే ప్రమాదం ఉంది. ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఐపీఎస్ రకం ఎల్‌సీడీ తెర మేలు.

కరెంటు బిల్లు మరవకండి. ఐర్లండ్‌లో యూనిట్ ధర యూరప్ మొత్తంలో పైవరసలో ఉంటుంది. 500 వాట్ల కంప్యూటర్ రోజూ నాలుగు గంటలు నడిస్తే రెండు యూనిట్లు. 35 సెంట్లు లెక్కేసుకున్నా నెలకు 21 యూరోలు. నలుగురు కలిసుండే ఇంట్లో బిల్లు పంచుకునేటప్పుడు ఈ ఒక్కడి ఐ9 అందరి మెడకు చుట్టుకుంటుంది. ఆటల్లో సగానికి సగం తక్కువ కరెంటుతో అంతే పని చేసే ఎనిమిది కోర్ల చిప్పు ఉండగా ఎందుకీ గొడవ? పైగా 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఈ దేశపు కరెంటులో ఐదో వంతుకు పైగా ఆ డేటా సెంటర్లే తాగుతున్నాయి. ఇలాంటి రోజుల్లో ప్రతి యూరో చూసి పెట్టాలి.

లూకన్‌లోనో బ్లాంచర్డ్స్‌టౌన్‌లోనో ఒక ఆదివారం హాలు తీసుకుందామని మావాళ్లతో అంటున్నాను. పండగలకు తీసుకుంటూనే ఉన్నాం కదా. ఎవరింట్లో ఉన్న మానిటర్ వాళ్లు తెస్తారు. 60, 144, 240 పక్కపక్కన బల్లమీద పెడదాం, ఇంకా తెర రకాలు తెలిసేలా ఒక ఐపీఎస్, ఒక వీఏ, ఒక ఓలెడ్. అన్నింటి మీదా ఒకటే గేము నడుపుదాం. లీష్లిప్‌లో షిఫ్టు చేసే పిల్లల్లో ఎవరైనా అరగంట నిలబడి క్యాష్ అంటే ఏమిటో, వోల్టేజీ ఎక్కువైతే చిప్పు ఎందుకు అరుగుతుందో తెలుగులో చెబితే చాలు. మా మిత్రుడి కొడుకు ఇంకా ఐ9 ఆర్డరు పెట్టలేదు, ఆ ఆదివారం దాకా ఆగుతానన్నాడు. హాలు బుక్ చేయడానికి ఇద్దరు ముందుకొచ్చారు, మూడు పుల్లల ఎక్స్‌టెన్షన్ బోర్డులు నేను తెస్తాను. 240 హెర్ట్జ్ తెర ఉన్నవాళ్లు ఇంకా ఎవరూ దొరకలేదు.